ఊరి పేరు లేని జట్టు

2023 జూన్ 13, మంగళవారం. ఆ రాత్రి అమెరికాలోని ఓక్లాండ్ కొలీజియంకి 27,759 మంది వచ్చారు. దాదాపు నెల ముందు అదే స్టేడియంలో ఒక మ్యాచ్‌కి వచ్చినట్టు ప్రకటించిన జనం 2,064 మంది. ఉన్నట్టుండి ఇంతమంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? ఎక్కడి నుంచీ కాదు. వాళ్ళంతా ఆ చుట్టుపక్కలే ఉన్నారు. తమ బేస్‌బాల్ జట్టును లాస్ వేగాస్‌కి తీసుకెళ్ళబోతున్న ఓనర్ మీద కోపంతో టికెట్ కొనడం మానేసి ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు, ఒకరికొకరు కబురు పెట్టుకుని, ఒక్క రాత్రికి స్టేడియం నింపుదామని కదిలొచ్చారు. అభిమాన సంఘాలు చందాలు వేసుకుని అచ్చు వేయించిన ఆకుపచ్చ చొక్కాలు బయట పార్కింగ్ స్థలంలో ఉచితంగా పంచారు. వాటి మీద ఒకే మాట: ‘సెల్’. అమ్మెయ్.

ఎదుట ఉన్నది టాంపా బే రేస్. అప్పటికి లీగ్‌లో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు. మాది, అంటే ఓక్లాండ్ అథ్లెటిక్స్, అందరికంటే ఎక్కువ ఓడిన జట్టు. ఐదో ఇన్నింగ్స్ మొదలవగానే, ముందే అనుకున్న ప్రకారం, అంత జనమూ నోరు మెదపకుండా నిలబడ్డారు. తర్వాత ఒక్కసారిగా ‘జట్టును అమ్మెయ్’ అని అందుకున్నారు. నా పక్క సీటులో ఒక పెద్దావిడ ఒళ్ళో స్కోర్ పుస్తకం పెట్టుకుని పెన్సిల్‌తో ఆట రాసుకుంటోంది. బేస్‌బాల్‌లో ప్రతి ఫీల్డర్‌కీ ఒక అంకె ఉంటుంది. షార్ట్‌స్టాప్ ఆరు, సెకండ్ బేస్ నాలుగు, ఫస్ట్ బేస్ మూడు. బంతి ఆ ముగ్గురి చేతులూ మారి ఇద్దరు ఔటైతే ‘6-4-3’ అని రాస్తారు. ఆవిడ నిలబడి గొంతు చించుకుని అరిచింది. అరుస్తూనే బంతి ఎటు పోయిందో చూసింది. కూర్చుని ఆ గడి నింపింది. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. మా జట్టు 2-1తో గెలిచింది.

అదే రోజు నెవాడా రాష్ట్ర సెనేట్ ఈ జట్టు కోసం లాస్ వేగాస్‌లో కట్టే స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇచ్చే బిల్లును ఆమోదించింది.

నేను ఓక్లాండ్ దగ్గర ఫ్రీమాంట్ వైపు ఉంటున్నవాణ్ణి. క్రికెట్‌తో పెరిగినవాణ్ణి. ఈ ఆట నాకు నడివయసులో అంటుకుంది. కానీ ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న బేస్‌బాల్‌ది మాత్రమే కాదు. మనం ప్రేమించేదానికి యజమాని ఇంకొకరైనప్పుడు మన చేతిలో ఏముంటుంది?

మామూలు కొనుగోలుదారుకి ఒక దారి ఉంది. బియ్యం బాగోకపోతే కొట్టు మారుస్తాడు. సినిమా హాలు బాగోకపోతే ఇంకో హాలుకి పోతాడు. అభిమానికి ఆ దారి లేదు. జట్టు మారిస్తే అతను అభిమానే కాడు. వెళ్ళిపోలేనివాడికి మిగిలేది అలగడం ఒక్కటే. చెరువు మీద అలిగితే చెరువుకేం నష్టమని మనవాళ్ళంటారు. ఓక్లాండ్‌లో వ్యవహారం ఇంకో మెట్టు దిగింది. ఎవరూ నీళ్ళకి రావడం లేదు కాబట్టి ఈ చెరువు ఇక్కడ అక్కర్లేదనే స్థితికొచ్చింది. వెళ్ళి కూర్చుంటే నీ డబ్బు ఓనర్ జేబులోకి పోతుంది, ఆయన చేసినదానికి నువ్వు ఒప్పుకున్నట్టవుతుంది. వెళ్ళకపోతే నీ ఖాళీ కుర్చీని ఫోటో తీసి, చూడండి ఈ ఊరికి జట్టు మీద ప్రేమ లేదంటారు. నీ మౌనాన్నే నీ మీద సాక్ష్యంగా నిలబెడతారు. జూన్ 13 రాత్రి జనం చేసిన గొప్ప పని, ఆ సాక్ష్యం అబద్ధమని ఒక్కసారైనా లెక్కతో సహా రుజువు చేయడం.

ఈ ఊరికి ప్రేమ లేకపోవడమేమిటి? 1968లో కాన్సస్ సిటీ నుంచి వచ్చిన ఈ జట్టు 1972, 73, 74లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. 1980లో జట్టును లీవైస్ జీన్స్ సంస్థ అధినేత వాల్టర్ హాస్ కొన్నారు. ఆయన దాన్ని ఊరు తనకు అప్పగించిన ఆస్తిలా చూసుకున్నారు. ఆటగాళ్ళకు డబ్బు పెట్టారు, బస్తీల్లో పిల్లల మైదానాలకు డబ్బు పెట్టారు. 1989లో మళ్ళీ కప్పు వచ్చింది. 1990లో ఇదే కొలీజియంలో, ఇదే కాంక్రీటు మెట్ల మీద, సీజన్ మొత్తానికి 29 లక్షల మంది కూర్చున్నారు. 1995లో, చనిపోయే ముందు, జట్టు ఓక్లాండ్‌లోనే ఉండాలని ఆయన దాన్ని తక్కువ ధరకే స్థానికులకు అమ్మారు. ఊరు అదే, స్టేడియం అదే. అందుకే ‘ఈ ఊళ్ళో జనం రారు’ అనే మాట వింటే నాకు కడుపు మండుతుంది.

2005లో జట్టు జాన్ ఫిషర్, లూ వోల్ఫ్‌ల చేతికి వచ్చింది. ధర 18 కోట్ల డాలర్లు. ఫిషర్‌ది గ్యాప్ దుస్తుల దుకాణాలు స్థాపించిన కుటుంబం. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో చాలామందికి ఈ జట్టు ‘మనీబాల్’ సినిమాతో పరిచయం. డబ్బు లేని జట్టు, అంకెలు నమ్ముకుని, 2002లో వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిన కథ. నాకూ ఆ కథ ఇష్టమే. కానీ దాని నుంచి ఒక చెడు అలవాటు పుట్టిందని నా అభిప్రాయం. పొదుపు ఒక అవసరంగా మొదలై, తెలివిగా పేరు తెచ్చుకుని, చివరికి సాకుగా మారింది. జాష్ డొనాల్డ్‌సన్‌ని 2014 చివర్లో టొరంటోకి పంపేశారు. మరుసటి ఏడే అతను అమెరికన్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2022లో కొన్ని రోజుల తేడాతో మాట్ ఓల్సన్, మాట్ చాప్‌మన్ వెళ్ళిపోయారు. ఆ ఏడాది చివరికి షాన్ మర్ఫీ కూడా. ఒక పిల్లవాడు చాప్‌మన్ పేరున్న జెర్సీ కొనిపించుకుంటాడు. జెర్సీ పొట్టి కాకముందే ఆ పేరు ఇంకో ఊరికి పోతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగితే పిల్లలు ఆటగాణ్ణి ప్రేమించడమే మానేస్తారు. నన్నడిగితే యాజమాన్యం చేసిన అసలు నష్టం ఇదే, ఓటములు కాదు. 2023లో జట్టు 112 మ్యాచ్‌లు ఓడింది. ఓటమిని అభిమాని భరిస్తాడు. గెలవాలన్న ఉద్దేశమే లేదని తెలిసినప్పుడు భరించలేడు.

స్టేడియం పాతబడిన మాట నిజం. 1966లో కట్టింది. డ్రెస్సింగ్ రూముల్లోకి మురుగునీళ్ళు వచ్చిన రోజులున్నాయి. 1990ల మధ్యలో ఫుట్‌బాల్ జట్టు కోసం లేపిన ఎత్తైన గ్యాలరీ వెనక ఓక్లాండ్ కొండలు కనపడకుండా పోయాయి. కొత్త మైదానం కావాలనడం తప్పు కాదు. అది ఎక్కడ, ఎవరి సొమ్ముతో అన్న దగ్గరే ఈ కథంతా నడిచింది.

మొదట మా ఫ్రీమాంటే అన్నారు. 2006లో ప్రకటించి 2009లో వదిలేశారు. తర్వాత శాన్ హోసే అన్నారు. అక్కడ అడ్డొచ్చింది వింతైన సంగతి. ఆ ప్రాంతం మీద హక్కు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌ది. ఆ హక్కును వాళ్ళకు ఏ ప్రతిఫలం అడక్కుండా వదిలిపెట్టింది హాస్ గారే. అప్పట్లో ఆ జట్టుకి కొత్త మైదానం దొరకాలని. ఆ మంచితనం ఇరవై ఏళ్ళ తర్వాత ఓక్లాండ్‌కి గోడగా నిలిచింది. శాన్ హోసే నగరం 2013లో కోర్టుకెళ్ళి ఓడిపోయింది. కారణం, గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టాలు బేస్‌బాల్‌కి వర్తించవని 1922లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. నూరేళ్ళ కిందటి ఆ తీర్పు వల్ల ముప్పై మంది ఓనర్లు దేశాన్ని వాటాలు వేసుకుని, ఏ ఊరికి జట్టు ఉండాలో తమలో తామే తేల్చుకుంటారు. ఆ తర్వాత ఓక్లాండ్ రేవు పక్కన హోవర్డ్ టెర్మినల్ అన్నారు. మైదానంతో పాటు వేల ఇళ్ళు, హోటళ్ళు, మొత్తం 1,200 కోట్ల డాలర్ల పథకం. నగరం 2022లో పర్యావరణ నివేదికకు ఆమోదం ఇచ్చింది. చర్చలు సాగుతుండగానే, 2023 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో స్థలం చూసుకున్నామని యాజమాన్యం చెప్పింది. నవంబర్‌లో ముప్పై మంది ఓనర్లూ ఓటేశారు. ముప్పైకి ముప్పై. ఒక్కరికైనా అడ్డు చెప్పాలనిపించకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

18 కోట్లకు కొన్న జట్టు విలువ ఈలోగా వంద కోట్ల డాలర్లు దాటింది. ఎలా పెరిగింది? ఆ ఏళ్ళలో ఒక్క కప్పూ రాలేదు. కొత్త స్టేడియం లేదు. ప్రసార హక్కుల డబ్బు, లీగ్‌లో ఉన్నవి ముప్పై స్థానాలే కావడం, ఇవి కారణాలని లెక్కలు తెలిసినవాళ్ళు చెబుతారు. సరే. కానీ ప్రసారానికి విలువ ఎందుకొచ్చింది? ఎవరో చూస్తున్నారు గనక. స్కోర్ పుస్తకంలో గడులు నింపిన ఆ పెద్దావిడ, కుడివైపు గ్యాలరీలో ప్రతి మ్యాచ్‌కీ డ్రమ్ములు వాయించినవాళ్ళు, కూతురికి స్ట్రైక్ అంటే ఏమిటో చెబుతూ తొమ్మిది ఇన్నింగ్స్ కూర్చున్న తండ్రి, వీళ్ళు జట్టుకి ఇచ్చింది టికెట్ డబ్బు మాత్రమే కాదు. శ్రద్ధ. ఏళ్ళ తరబడి తెగకుండా పెట్టిన శ్రద్ధ. ఆ శ్రద్ధ లేకపోతే జట్టంటే తొమ్మిది మంది జీతగాళ్ళు, కొన్ని బంతులు. విలువను పెంచిన శ్రమ వీళ్ళది, విలువ మీద హక్కు వేరొకరిది. భూమి యజమానికీ కౌలుదారుకీ మధ్య చట్టం ఏదో ఒక లెక్క రాస్తుంది. ఈ శ్రమకు ఏ దస్తావేజులోనూ పద్దు లేదు.

మన హైదరాబాద్ వాళ్ళకి ఇందులో కొంత అనుభవమే. డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి, 2009లో దక్షిణాఫ్రికాలో జరిగిన ఐపీఎల్‌లో కప్పు ఎత్తింది. 2012లో ఓనర్ల ఆర్థిక కష్టాలతో ఆ జట్టే రద్దయింది. 2013 నుంచి సన్‌రైజర్స్. చార్జర్స్ అభిమానుల్లో చాలామంది సన్‌రైజర్స్‌కి చప్పట్లు కొట్టగలిగారు, ఎందుకంటే పక్కన ‘హైదరాబాద్’ అనే మాట నిలిచింది, మ్యాచ్‌లు ఉప్పల్‌లోనే జరిగాయి. పేరు పోయినా ఊరు మిగిలింది. ఓక్లాండ్‌లో అది పూర్తిగా తిరగబడింది. పేరు, రంగులు, రికార్డులు అన్నీ జట్టుతోపాటే బండెక్కాయి. ఊరు మాత్రమే మిగిలిపోయింది.

2024 సెప్టెంబర్ 26న ఆఖరి మ్యాచ్. 46,889 మంది. మొదటి బంతులు విసరడానికి వచ్చినవాళ్ళలో రికీ హెండర్సన్ ఉన్నాడు. ఈ ఊళ్ళోనే పెరిగి, ఇక్కడి బడిలో చదివి, ఫీల్డర్ల కన్నుగప్పి పరుగెత్తి 1,406 బేస్‌లు దొంగిలించి, ఈ ఆట చరిత్రలో ఇంకెవరూ దగ్గరకు రాలేని రికార్డు నెలకొల్పినవాడు. ఆ డిసెంబర్‌లోనే ఆయన పోయాడు. మా జట్టు టెక్సాస్ రేంజర్స్ మీద 3-2తో గెలిచింది. మేనేజర్ మార్క్ కాట్సే మైకు తీసుకుని జనానికి కృతజ్ఞతలు చెప్పాడు. ఓనర్ ఫిషర్ రాలేదు. ఆ వారమే ఆయన ఒక ఉత్తరం రాశాడు, ప్రయత్నించాం, కుదరలేదు, క్షమించండని. క్షమాపణ చెప్పవలసిన చోటు ఆ మైదానం. కాగితం చాలదు.

2025 నుంచి జట్టు వెస్ట్ శాక్రమెంటోలో, సుమారు 14,000 మంది పట్టే చిన్న లీగు మైదానంలో ఆడుతోంది. పేరు ‘అథ్లెటిక్స్’ అంతే. ముందు ఏ ఊరి పేరూ లేదు. లాస్ వేగాస్ స్టేడియం 2028కి సిద్ధమయ్యేదాకా ఇంతే.

దీనికి మందు లేదని అంటే నేను ఒప్పుకోను. 1995లో క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ జట్టు ఓనర్ దాన్ని బాల్టిమోర్‌కి తరలిస్తానన్నప్పుడు ఆ ఊరు అంత తేలిగ్గా వదల్లేదు. పోరాడి, బ్రౌన్స్ అన్న పేరు, రంగులు, రికార్డులు ఊళ్ళోనే ఉంచుకుంది. 1999లో కొత్త జట్టు అదే పేరుతో మైదానంలో దిగింది. ఆ దెబ్బతో ఒహాయో రాష్ట్రం 1996లో ఒక చట్టం చేసింది: ప్రజల సొమ్ముతో నడిచిన స్టేడియంలో ఆడే జట్టు వెళ్ళిపోవాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, స్థానికులకు కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. కొలంబస్ నగరపు సాకర్ జట్టును టెక్సాస్‌కి తీసుకెళ్ళబోతే 2018లో ఈ చట్టం పట్టుకునే కోర్టుకెళ్ళారు, అభిమానులు వీధుల్లోకొచ్చారు, చివరికి కొత్త ఓనర్లు కొన్నారు, జట్టు ఉండిపోయింది. ఓక్లాండ్ విషయంలోనూ 2023లో అమెరికా కాంగ్రెస్‌లో ఒక బిల్లు పెట్టారు. ఊరికి పరిహారం ఇవ్వకుండా వెళ్ళే జట్టు ఉంటే, బేస్‌బాల్‌కున్న ఆ చట్ట మినహాయింపు రద్దవ్వాలని. అది ముందుకు కదల్లేదు. కదిలించాలి. 1922 తీర్పును ఆ కోర్టు మార్చకపోతే కాంగ్రెస్ మార్చొచ్చు. 1972, 73, 74, 89 సంవత్సరాల కప్పులు గెలిచినప్పుడు ఈ జట్టు ఉన్నది ఈ ఊళ్ళో. వాటి మీద లాస్ వేగాస్‌కి ఏం హక్కుందో ఎవరైనా చెప్పాలి.

ఈలోగా పశ్చిమ ఓక్లాండ్‌లోని రైమండి పార్కులో బాలర్స్ అనే చిన్న జట్టు 2024లో మొదలైంది. పయనీర్ లీగ్‌లో ఆడుతుంది. ఏ పెద్ద లీగు జట్టుకీ అనుబంధం కాదు. దాని వాటాలు అభిమానులకు అమ్మారు. రెండు వేల మందికి పైగా కొన్నారు. 2025లో ఆ జట్టు తన లీగ్‌లో కప్పు గెలిచింది. మావాళ్ళలో కొందరు దీన్ని ఓదార్పు బహుమతి అంటారు. నేననను. అక్కడ మేనేజ్‌మెంట్ మీద కోపమొస్తే, వాటాదారుగా లేచి నిలబడి అడగొచ్చు.