గట్టున ఊట

సామెతలు 17:14



గతమాసమున హైదరాబాదు వెళ్లి దిల్‌సుఖ్‌నగర్‌లో బంధువుల యింట దిగితిమి. సాయంకాలము వారు మమ్మును సరూర్‌నగర్ చెరువు ఒడ్డునకు షికారు తీసికొనిపోయిరి. ప్రక్కన ఉద్యానవనము, ఆటలాడు బిడ్డలు. కొద్ది దూరములో ఎల్.బి.నగర్ పోవు మెట్రో రైలు. ఈ చెరువు కుతుబ్‌షాహీల కాలమున 1626లో వెలసినదని చెప్పుదురు. నాడు పొలములకు నీరిచ్చెను. నేడు ఆ పొలములు లేవు, అన్నియు ఇండ్లే.

మట్టికట్ట సంగతి పల్లెవాండ్రమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అలలు కోయకుండ లోపలివైపు రాళ్లు పరచుదురు. పైరునకు తూము, మిగులు నీటికి అలుగు. అలుగు పూడినయెడల నీళ్లు కట్టమీదినుండి దొర్లి వెనుకవైపు మట్టిని కోసివేయును. ఇంకొక రీతిగాను కట్ట పోవును. ఎండ్రకాయ బొక్కలోనుండియో, కుళ్లిన వేరు సందులోనుండియో చెమ్మ వచ్చును. తేట నీరు ఊరుచున్నంతవరకు కొంత నిబ్బరము. అది బురదరంగు తిరిగినదా, లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని నీరటివాడు కేక వేయును.

2020 అక్టోబరు వానలకు ఈ చెరువు పొంగి కోదండరాంనగర్ మొదలైన కాలనీలలో నీళ్లు నిలిచెను. అదే మాసమున బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ ఇండ్లలోనికి నీళ్లు ప్రవేశించెను. చెరువునుండి చెరువునకు పోవు కాలువల మీద ఇండ్లు లేచినవి గనుక నీళ్లు ఇండ్లలోనికే త్రోవ వెదకినవి.

సొలొమోను కలహారంభమును దేనితో పోల్చెనో చూచితిరా? వరదతో కాదు, తెగిన కట్టతోనూ కాదు; గట్టున పుట్టు ఊటతో. అది చదివినప్పుడెల్ల మా తప్పు మాకు జ్ఞాపకమునకు వచ్చును.

మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములు. సమాధులతోట గోడకై అన్న చందా వసూలు చేసెను. ఒక ఆదివారము తమ్ముడు, "లెక్క చూపవా అన్నా?" అనెను, అంతే. అన్న మాటాడక లేచిపోయెను. మేము అక్కడనే యుండి, విని విననట్లు ముగింపు ప్రార్థన చేసితిమి. (నిజము చెప్పవలెనంటే, ఆకలి వేయుచుండెను.) రెండేండ్లాయెను. ఇప్పుడు వారి భార్యలు బోరింగు దగ్గర పలుకరించుకొనరు. బిడ్డలు సండే స్కూలులో వేరు వేరు చాపలమీద కూర్చుందురు. పునరుత్థాన పండుగనాడు సగము గుడి ఖాళీ. సెమినరీలో గ్రీకు నేర్చితిమి గాని, ఆ పూట వేయవలసిన తట్టెడు మట్టి వేయ నేర్వమైతిమి.

ఊరకుండుటయే సమాధానమని కొందరందురు. మేమట్లు తలంచము. అలుగులేని కట్ట నిలువదు. తమ్ముడు లెక్క అడుగుట తప్పుకాదు. అడుగుటకు, చూపుటకు సంఘములో ఒక త్రోవ మేము ఏర్పరచకపోవుటయే తప్పు.

పట్నమునుండి తిరిగివచ్చి, మత్తయి 5:23, 24 తలంచుకొని, ప్రభురాత్రి భోజనమును ఒక వారము ఆపితిమి. అన్న యింటికి పోతిమి. ఆయన మంచము వాల్చెను గాని పలుకలేదు. ఇల్లాలు, "అయ్యగారూ, అన్నము తినిపొండి" అనెను. తింటిమి. మేము లేచునప్పుడు ఆయన పెట్టె తెరచి, నూనె మరకల నోటుబుక్కు ఒకటి తీసి చూపెను. "వాడు వచ్చి అడిగితే వాని చేతికే యిస్తాను" అనెను.

రేపు తమ్ముని యింటికి పోవలసియున్నది.