రెండో బాణం: మన టీచర్లకు ఒక ధమ్మ మాట



ఉపాసక ఉపాసికలారా, చదువుతో లేచిన ఇళ్లు మనవి. మన విహారాలకు వచ్చేవాళ్లలో టీచర్లు చాలామందే ఉంటారు. ఈ నెల మాట వాళ్ల కోసం.

సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో దిగితే మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డులే. ఒకప్పుడు ఆ బోర్డులు కుర్రాళ్ల కోసం. ఇప్పుడు నలభై దాటిన టీచర్లూ పరీక్ష పుస్తకం పట్టాల్సి వచ్చింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా. ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లలో, రిటైర్మెంటుకు అయిదేళ్లకు మించి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి, లేదంటే ఉద్యోగం పోతుంది. దీనికి తోడు యాప్‌లో హాజరు, సర్వే డ్యూటీలు. ప్రైవేటు బడి అయితే అడ్మిషన్ల టార్గెట్.

ఇరవై ఏళ్లు భిన్నాలు చెప్పిన మనిషి బోర్డు ముందు ఆగిపోతాడు. "అసలు నాకు చెప్పడం వచ్చా?" అని. మనవాళ్లకైతే స్టాఫ్‌రూంలో ఇంకో మాట కూడా వినబడుతుంది: "రిజర్వేషన్‌లో వచ్చినవాళ్లే కదా!"

బుద్ధుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటిది బయటినుంచి తగిలేది. రెండోది ఆ నొప్పి మీద మనసు పడే బాధ. పరీక్ష, పనిభారం, కులం మాట మొదటి బాణం. "నేను పనికిరాను" అనుకోవడం రెండోది. మొదటి దాన్ని ఓర్చుకుని కూర్చోమని కాదు. దుఃఖానికి సమాజంలోని అన్యాయమూ కారణమేనని బాబాసాహెబ్ మనకు నేర్పారు. దానికి సంఘం కట్టాలి, అడగాలి, పోరాడాలి. రెండో బాణం మాత్రం ఎవరికి వాళ్లే పీక్కోవాలి.

ఎలా? సోణుడనే భిక్షువు అరికాళ్లు చిట్లేదాకా నడిచి సాధన చేశాడు. ఫలితం రాలేదు, ఇంటికి పోదామనుకున్నాడు. బుద్ధుడు అతన్ని తిట్టలేదు. "నీకు వీణ వచ్చు కదా, తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదిలేస్తే?" అని అడిగాడు. చూడండి, అతనికి వచ్చిన విద్యతోనే మొదలుపెట్టాడు. మీరూ అలాగే మొదలుపెట్టండి. రాత్రి పడుకునేముందు, ఈరోజు ఏ పిల్లకు ఏ లెక్క అర్థమైందో ఒక్క వాక్యం రాసుకోండి. పొద్దున బెల్లు కొట్టకముందు అయిదు నిమిషాలు శ్వాసను గమనించండి. ఒంటరిగా చదవకండి. ఆదివారం విహారంలో నలుగురు టీచర్లు కలిసి టెట్‌కు చదవండి. మంచి స్నేహం ధమ్మజీవితంలో సగం కాదు, మొత్తమని ఆనందుడితో బుద్ధుడు చెప్పాడు.

పంజాగుట్ట చౌరస్తాలో బాబాసాహెబ్ విగ్రహాన్ని రోజూ చూస్తాం. ఆయనా పాఠం చెప్పినవాడే. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరైతే, తమ కుండలో నీళ్లు తాగొద్దని తోటి ప్రొఫెసర్లు అడ్డుచెప్పారు. ఆయన పాఠం వినడానికి మాత్రం వేరే కాలేజీల పిల్లలూ వచ్చారు. ఆయన విలువ తేల్చింది ఆ కుండ కాదు, ఆ తరగతి గది.

మీ విలువా అక్కడే ఉంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!