ఒంటి తీగ

బెజవాడలో ఒక కుర్రాడు గిటారు నేర్చుకునేవాడు. వేళ్లు మహా చురుకు. చెయ్యి నాలుగైదు మెట్లు దాటనివ్వకుండా, ఆరు తీగల మీదా మేజర్ స్కేలు కళ్లు మూసుకుని వాయించేసేవాడు. ఒకరోజు మాస్టారు అడిగారు: "మూడో స్వరానికీ నాలుగో స్వరానికీ దూరమెంత?" కుర్రాడు నీళ్లు నమిలాడు. వేళ్లకు తెలుసు, తనకు తెలియదు.

మాస్టారు మాట్లాడకుండా ఐదు తీగలు విప్పేసి, డి తీగ ఒక్కటే ఉంచారు. "వారం రోజులు దీనిమీదే."

వాడికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి విసురుగా మొదలుపెట్టాడు. ఖాళీ తీగ, తర్వాత 2, 4, 5, 7, 9, 11, 12. మెట్టు విడిచి మెట్టు రెండుసార్లు, ఆపైన పక్క మెట్టే. మళ్లీ మూడుసార్లు విడిచి, చివర పక్క మెట్టు. 12వ మెట్టు దగ్గర తీగ సగమై, మొదటి స్వరమే పై స్థాయిలో పలికింది. పక్క గదిలో వీణ తుడుచుకుంటున్న అమ్మమ్మ "శంకరాభరణమా?" అంది.

మూడో రోజు సి మేజర్ స్వరాలను అదే తీగ మీద వెతికాడు. 4 కాస్తా 3 అయింది, 11 కాస్తా 10. అమ్మమ్మ శ్రుతిపెట్టె తెచ్చి డికి కలిపింది.

"ఒరేయ్, ఖరహరప్రియ ఎప్పుడు చెప్పారు?"

"కాదమ్మమ్మా, సి మేజరే. డి నుంచి మొదలెట్టానంతే. సార్ దీన్ని డోరియన్ అంటారు."

"మేం గ్రహభేదం అంటాం. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జం చేసుకుంటే ఇదేగా వచ్చేది."

ఇక వాణ్ని ఆపేవాళ్లెవరు? తనే తీగ మార్చి మార్చి అవే సి మేజర్ స్వరాలు వెతికాడు, అమ్మమ్మ శ్రుతి మార్చింది. ఏ మీద నఠభైరవి, జీ మీద హరికాంభోజి. ఈ మీద వాయిస్తే "స్థానాలు తోడివే. గమకం లేకుండా తోడి ఏంట్రా?" అని విసుక్కుని, మెట్టు నుంచి మెట్టుకు వేలు జార్చడం చూపించింది. బీ తీగ దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపేసింది. "పంచమం ఏదీ?" 7వ మెట్టు మీద ఉండాల్సింది 6వ మెట్టు మీదకు దిగిపోయింది. పంచమం లేనిదానికి మేళకర్తల్లో చోటు లేదు. పాశ్చాత్యులు లోక్రియన్ అని పేరు పెట్టి ఉంచుకున్నారు. అమ్మమ్మ ఆ తీగను క్షమించలేదు.

వారం తిరిగాక మాస్టారు పాత ప్రశ్నే అడిగారు. "ఒక్క మెట్టు" అని, ఆగకుండా ఏ స్వరం నుంచి బయల్దేరితే ఆ మెట్టు ఎక్కడ పడుతుందో కూడా చెప్పాడు.

నీతి: పక్క తీగకు దూకే వీలున్నవాడు దూరం కొలవడు. ఒంటి తీగవాడు నడిచే వెళ్లాలి. అప్పుడే, బయల్దేరే చోటు మారితే అవే స్వరాలు వేరే రాగమవుతాయని చెవికి తెలుస్తుంది. ఆరు తీగలూ మళ్లీ బిగించుకోవాల్సిందే, కాదనను. అమ్మమ్మ వీణకూ ఏడు తీగలున్నాయి. ఆవిడ వేళ్లు మాత్రం ఎక్కువసేపు సారణి మీదే ఉంటాయి.