ఔషధముపై హక్కు – ప్రాణముపై హక్కు

నూతనౌషధమును కనుగొన్నవాని శ్రమకు ప్రతిఫల మొసగుట న్యాయము. కాని ఆ హక్కు రోగి ప్రాణమునకే అడ్డు నిలిచినచో ఏది ధర్మము?

కాలేయ, మూత్రపిండముల క్యాన్సరునకు వాడు సొరాఫెనిబ్ అను మందు మన దేశమున ఒకప్పుడు నెలకు సుమారు 2,80,000 రూపాయలు. అది ప్రజలకు అందుబాటు ధరలో లేదని 2012లో పేటెంట్ల కంట్రోలరు హైదరాబాదులోని నాట్కో సంస్థకు నిర్బంధ లైసెన్సు నిచ్చి, నెలకు 8,880 రూపాయలు మించరాదనెను. పేటెంటుదారునకు అమ్మకములపై నూటికి 6 వంతుల రాయల్టీ నిర్ణయించెను. హక్కు పోలేదు, దానికి హద్దు ఏర్పడినది.

పరిశోధన వ్యయమునకు ఆ 6 వంతులు చాలునా యని కొందరడుగుదురు. అది అడుగదగిన ప్రశ్నయే. అయితే ప్రతిఫలమెంతయను వివాదము రేపైనను తీరును. రోగికి మాత్రము రేపు లేదు. కావున ముందు మందు, పిదప లెక్క.