సాయంకాలపు కూలి

ధ్యానభాగములు: ద్వితీ. 24:14-15, మత్తయి 20:1-16, యాకోబు 5:4



గడచిన కోతల కాలమున మన సంఘపు మడిలో స్త్రీలును పురుషులును కలిసి పనిచేసిరి. ప్రొద్దు గ్రుంకువేళ నేనే కూలి పంచితిని. వాడుక చొప్పున మగవారికి ఎక్కువ, ఆడవారికి తక్కువ. ఒక తల్లి ఆ డబ్బు కొంగున ముడివేసికొనుచు, "ఆడోళ్ళ కొడవలి తక్కువ కోస్తదా అయ్యగారూ?" అనెను. "ఊళ్ళో రేటు అదే గదమ్మా" అంటిని. ఆ రాత్రి మోకరించితిని గాని నోట ప్రార్థన రాలేదు.

ఊరి రేటు న్యాయమునకు కొలతయగునా?

నేడు మేడలతో నిండిన మన అల్వాల్ ఒకప్పుడు చెరువు క్రింద వరి పండించిన పల్లె. 2007లో అది గ్రేటర్ హైదరాబాదులో కలిసెను. అయినను మనలో కొందరికి మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇప్పటికిని పొలములు కలవు. కావున ఈ ప్రశ్న మన గడప ముందే నిలిచియున్నది.

మన తాతల నాడు ఈ ప్రాంతమున వెట్టి, భగేలా అను కట్టుబాట్లుండెను. కొద్దిపాటి అప్పునకు జీతగాడు ఏండ్ల తరబడి దొర యింట చాకిరి చేసెడివాడు. 1943లో నిజాము ప్రభుత్వము భగేలా ఒప్పందములకు నిబంధనలు చేసినను ఆ వాడుక తొలగలేదు. 1948 కనీస వేతనముల చట్టము వ్యవసాయపు కూలిని గూడ తన పట్టికలో చేర్చెను. కూలివాడు అంతకు తక్కువకు ఒప్పుకొన్నను ఆ ఒప్పందము చెల్లదనెను. ఆకలికి తాళలేక కనీస వేతనముకంటె తక్కువకు చేయు పనియు రాజ్యాంగము నిషేధించిన నిర్బంధ శ్రమయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019 వేతనముల కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి పాత చట్టము స్థానమున నిలిచెను. ఒకే పనికి స్త్రీ పురుష భేదము చూపరాదని అదియు ఆజ్ఞాపించుచున్నది.

"వారే ఒప్పుకొనిరి గదా" అని మనమందుము. కాని పొయ్యి వెలగని యింట ఒప్పుకోలు ఎంతపాటిది? ఉపమానములోని ద్రాక్షతోట యజమానుడు కడపట వచ్చినవానికిని దినమంతటి కూలి ఇచ్చెను. అతడు గడిచిన గంటలను మాత్రమే గాక, ఆ మనుష్యుని యింటి ఆకలిని గూడ చూచెనని నాకు తోచుచున్నది.

చిన్న రైతు బాధ నేనెరుగుదును. వాన తప్పినను ధర పడినను అతడే అప్పులపాలగును. అయితే ఆ లోటును మనకంటె బీదవాని గిన్నెలోనుండి పూడ్చుకొనవచ్చునా? పంటకు గిట్టుబాటు ధర అడుగు నోరు, కూలికి గిట్టుబాటు కూలి కాదనవచ్చునా?

చట్టము కంచె వంటిది. అది చేనును కాయును గాని పంట పండించదు. పండించునది ప్రేమయే.

మరు వారము ఆ తల్లి యింటికి పోయి తక్కువైన పైకమిచ్చితిని. ఆమె లెక్కపెట్టుకొని, "మిగిలినోళ్ళకో అయ్యగారూ?" అనెను. అడిగిన ఒక్కతెనే నేను తలంచితిని. ఆమె అందరిని తలంచెను. ఆ సాయంకాలమే అందరికిని చెల్లించితిమి.

ప్రియులారా, ఈ నెల ప్రభువు బల్లను సమీపించుటకు ముందు మన కూలి లెక్కలు ఒక్కమారు విప్పి చూచుకొందము. బాకీ యున్నయెడల ప్రొద్దు గ్రుంకకమునుపే తీర్చుదము. అట్టి కృప దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.