రుణం తీరిపోయిందంటే

ఇంగ్లిషులో ‘డెట్’ అన్న మాటకు పర్యాయపదాలు వెతికితే ‘డ్యూ’, ‘లయబిలిటీ’, ‘ఆబ్లిగేషన్’ ఎదురవుతాయి. మొదటి రెండూ ఖాతా పుస్తకంలోవి. మూడోది మెల్లగా ధర్మం వైపు నడుస్తుంది. డెట్ నడకా అదే. మేలు పొందినవాడు చేసినవాడికి డెట్‌లో ఉన్నానంటాడు. శిక్ష ముగిసి జైలు నుంచి బయటికొచ్చినవాణ్ణి సమాజానికి డెట్ చెల్లించాడంటారు. కర్తవ్యాన్ని చెప్పే ‘ఆట్’ అన్న మాట కూడా పుట్టుకలో ‘ఓ’ అనే క్రియకు భూతకాల రూపం. ‘ఓ’ అంటే బాకీపడటం. జర్మన్‌లో ‘షుల్డ్’ అంటే అప్పూ అవుతుంది, అపరాధమూ అవుతుంది. ఈ మాటను పట్టుకునే తత్త్వవేత్త నీషే, నీతి పుట్టుక గురించి 1887లో వెలువరించిన గ్రంథంలో, మనిషిలోని అపరాధభావానికి మూలం అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య సంబంధమేనని వాదించాడు. ఆ వాదాన్ని చివరిదాకా లాగితే భక్తి, కృతజ్ఞత, ధర్మం అన్నీ పవిత్రమైన పేర్లు పెట్టుకున్న వసూళ్లే అవుతాయి. దానికి నేను ఒప్పుకోను. మతాలు ఈ మాటను అంగడి నుంచే తెచ్చుకున్నాయి, నిజమే. తెచ్చుకున్నాక మాత్రం అంగడిలో చెల్లని నాణెంగా దాన్ని మార్చేశాయి.

క్రైస్తవుల పరలోక ప్రార్థనే తీసుకుందాం. మత్తయి సువార్త గ్రీకు పాఠంలో దేవుణ్ణి క్షమించమని అడిగేది అప్పులను. అదే ప్రార్థన లూకాలో మొదట పాపాలు అని, వెంటనే మాకు బాకీపడినవారు అని అంటుంది. యేసు మాట్లాడిన అరమాయిక్‌లో అప్పుకూ పాపానికీ ఒకే మాట సరిపోయేది కాబట్టి రెండు పాఠాలకూ పొత్తు కుదురుతుంది. ఇంగ్లిషులో ఆ పొత్తు విడిపోయింది. 1526 నాటి టిండేల్ అనువాదం ఇక్కడ హద్దు మీరడమనే అర్థమున్న ‘ట్రెస్‌పాస్’ వాడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు మత్తయిలో ‘డెట్’ వాడింది. మాట ఏదైనా ప్రార్థన కోరేది గడువు కాదు, మాఫీ. మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో రాజు దగ్గర పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన సేవకుడు, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారమంటే ఒక రోజు కూలి. తలాంతుకు దాదాపు 6000 దేనారాలు. లెక్క వేస్తే అతని అప్పు ఆరు కోట్ల రోజుల కూలి. అంతటి సొమ్ము రాజుకు తిరిగి కట్టడం ఎవరి తరమూ కాదు. రాజు అడిగేదీ అది కాదు. పొందిన దయ తోటివాడికి చేరాలి.

వైదిక వాఙ్మయంలోనూ రుణం ఇలాగే దారి మళ్లుతుంది. బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడని, ఋషుల రుణం బ్రహ్మచర్యంతో, దేవతల రుణం యజ్ఞంతో, పితరుల రుణం సంతానంతో తీరుతుందని తైత్తిరీయ సంహిత చెబుతుంది. శతపథ బ్రాహ్మణం దీన్ని విస్తరించి, ఉన్న ప్రతివాడూ రుణంతోనే పుడతాడంటుంది. మనుషుల రుణాన్ని నాలుగోదిగా చేర్చి, అది ఆతిథ్యంతో తీరుతుందంటుంది. వీటిలో యజ్ఞం ఒక్కటే ఇచ్చినవారికి తిరిగి ఇచ్చే తీరులో ఉంది. తక్కినవి వేరే దారి పట్టాయి. ఋషి ఇచ్చిన చదువు కొత్త శిష్యుడిలో నిలుస్తుంది. తాత రుణం ఇంకా కళ్లు తెరవని మనవడికి చేరుతుంది. ఎవరో పెట్టిన అన్నానికి బదులు గుమ్మంలోకి వచ్చిన అతిథి తింటాడు. ఒకరి దగ్గర తెచ్చి మరొకరికి కడితే ఏ షావుకారూ ఒప్పుకోడు. ఇక్కడ మాత్రం అదే సరైన చెల్లింపు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. అడగని మేలుకు బాకీ ఏమిటి? పుట్టించమని ఏ బిడ్డా కోరలేదు. జేన్ ఇంగ్లిష్ అనే తత్త్వవేత్త 1979లో వెలువడిన ఒక వ్యాసంలో, ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులకు బాకీ ఏమీ లేరని, వారి మధ్య బాధ్యతలు స్నేహం నుంచి వస్తాయని వాదించింది. ఖాతా పుస్తకం అర్థంలో ఆమె మాట సరైనదే. అయితే స్నేహానికి రెండువైపులా బతికున్న మనుషులు కావాలి. మనకు భాషను అప్పగించిన వెనకటి తరాలతో మనకు ముఖపరిచయం లేదు. ఆ భాషను ఎవరమూ అడిగి తెచ్చుకోలేదు, ఎవరికీ తిరిగి ఇవ్వలేం. మన చేతుల్లో మాత్రం అది చచ్చిపోగలదు. ఆ సంగతి తెలిసినవాడిలో కలిగే బరువుకు స్నేహం అన్న పేరు చాలదు.

మరో అభ్యంతరం ఇంతకన్నా బాధాకరమైనది. తండ్రి అప్పుకు కొడుకు జీతం ఉండి, వెట్టి చేసి, ఆ బాకీని తన కొడుక్కి వదిలిపోయిన నేల మనది. వెట్టిచాకిరీని రద్దుచేస్తూ చట్టం వచ్చింది 1976లో. పుట్టుకతోనే రుణగ్రస్తుడివని మనిషికి చెప్పడం ఆ సంకెళ్లకు పసుపు కుంకుమ పూయడం కాదా? కొందరు అలా వాడుకున్నారు కూడా. అయితే రెండింటినీ వేరుచేసే గీటురాయి ఒకటుంది: చెల్లింపు ఎక్కడికి చేరుతోంది? వెట్టిలో అది ఎప్పుడూ ఇచ్చినవాడి గాదెకే చేరుతుంది. ధర్మరుణం ఇచ్చినవాణ్ణి దాటి ముందుకు పోతుంది. కన్నందుకు, చదువు చెప్పినందుకు, దీక్ష ఇచ్చినందుకు జీవితాంతం నాకే కట్టుకోమని తండ్రిగానీ గురువుగానీ అడిగితే, ఆ రుణాన్ని అతడు మళ్లీ అంగట్లో పెట్టినట్టే. అక్కడ ఎదురు తిరగడమే ధర్మం.

మన వాడుక ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. తల్లి రుణం అంటాం, తల్లి అప్పు అనం. ఏ లెక్కకూ అందని దగ్గరితనాన్ని రుణానుబంధం అంటాం. బ్యాంకులో ‘మీ రుణం తీరిపోయింది’ అంటే గుండెల మీంచి బండ దిగినట్టుంటుంది. అదే మాట మనిషి పోయిన ఇంట్లో, అమ్మేసిన పొలం గట్టున వినిపిస్తే గొంతు పూడుకుపోతుంది. మొదటిచోట తీరింది బాకీ. రెండోచోట తీరింది బంధం.