చేతికి అందే నీరు

పెరట్లోని కలువల కొలనులో నీరు తగ్గుతోందంటే ముందు తాపీ వెతుక్కోనక్కర్లేదు. ఒక బకెట్ కావాలి. దాని నిండా కొలను నీరే పోసి, తేలిపోకుండా అడుగున రాయి వేసి, కొలను లోపలి మెట్టు మీద నిలబెట్టాలి. బకెట్‌లో నీరున్న మట్టానికి ఒక గీత, బయట కొలను మట్టానికి ఒక గీత పెట్టి, పంపు ఆపి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి. మర్నాటికి రెండుచోట్లా నీరు ఒకే మేర దిగి ఉంటే అది ఎండ తాగిన నీరు. బయట ఎక్కువ దిగితే ఆ ఎక్కువ మాత్రమే కారిపోయిన నీరు. మే నెల ఎండకు వడగాలి తోడైతే మన దగ్గర తెరిచి ఉన్న నీరు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. చదరపు మీటరు మీద మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. అంటే 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న కొలను ఎక్కడా పగులు లేకుండానే రోజుకు 30 లీటర్లు పోగొట్టుకుంటుంది. ఈ లెక్క తెలియనివాళ్లు బాగున్న గిలాబును చెక్కించి మళ్లీ పూయిస్తారు. ఎండ మాత్రం తన వాటా తాను తాగుతూనే ఉంటుంది.

నా ఆలోచన ఈ బకెట్ దగ్గరే మొదలవుతుంది. ఇంటి కొలనును ఇంటివాళ్లే బాగుచేసుకోవాలని నేననడానికి కారణం మిగిలే డబ్బు కాదు. నీరు తన సహజం కొద్దీ పోయేది ఎంత, మన లోపం వల్ల పోయేది ఎంత అని వేరుచేసి చూసే కన్ను రోజూ దగ్గరుండి చూసేవాళ్లకే వస్తుంది. ఆ కన్ను లేని ఇంట్లో నీటిని నిలవ పెట్టకూడదు. ఇంకో మాట కూడా అంటాను. కొలను ఎంత ఉండాలో చెప్పాల్సింది పెరడు కొలతలూ కాదు, చేతిలోని సొమ్మూ కాదు. ఇంటివాళ్లు తమ చేతులతో ఎంతమేర బాగుచేసుకోగలరో అంతే కొలను ఉండాలి.

కారుడు ఉందని తేలాక దాని చోటు వెతకాలి. పంపు ఆపగానే నీరు దిగడం ఆగిపోయిందంటే దోషం తొట్టిలో లేదు. పైపు అతుకులోనో, గాలికి గట్టు దాటి పడుతున్న జల్లులోనో ఉంది. పంపు ఆపినా దిగుతూ పోయి ఒకచోట నిలిచిపోతే, ఆ నిలిచిన అంచు వెంబడి చూడాలి. నీరు కదలకుండా ఉన్నప్పుడు, అనుమానం ఉన్నచోట రెండు చుక్కల పాలు విడిస్తే ఆ తెల్లటి పోగు మెల్లగా సాగి గోడలోకి దూరిపోతుంది. వెంట్రుకంత గీత అది, వేలితో తడిమితే తగలదు, పాలను మాత్రం లాక్కుంటుంది. దాని మీద సిమెంటు పాలు పూసి పని అయిపోయిందనుకుంటాం. కానీ కాంక్రీటు వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 3 మీటర్ల గోడ 20 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరుకు పైగా కదులుతుంది. మేలో బిగిసి ఉన్న పగులు డిసెంబరు చలికి విచ్చుకోవచ్చు. ఇలా కదిలే పగులును గట్టి సిమెంటుతో నింపితే దాని పక్కనే ఇంకొకటి పుడుతుంది. దానికి సాగే గుణమున్న సీలెంట్ కావాలి. కదలని పగులైతే ఉలితో పైన ఇరుకుగా, లోపల వెడల్పుగా గాడి తీసి, దుమ్ము కడిగి, తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలు కూరితే నిలుస్తుంది. ఏ పగులు ఏ రకమో ఎలా తెలుస్తుంది? రెండు కొసల దగ్గరా పెన్సిల్ గీత పెట్టి నెలల తరబడి గమనిస్తేనే. ఒక్కపూట వచ్చి వెళ్లే మేస్త్రీ ఎంత పనిమంతుడైనా ఆ నెలలు ఆయన దగ్గర ఉండవు. అవి ఇంటివాళ్ల దగ్గరే ఉంటాయి.

మన పాత కోనేళ్లను గానుగ సున్నంతో కట్టారు. ఆ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. సన్నటి పగులు పడితే అందులో ఊరిన నీరు కొంత సున్నాన్ని కరిగించి మళ్లీ ఆ పగుల్లోనే పేర్చేది. గోడ కొంతవరకు తనను తానే మాన్పుకునేది. ఇంగ్లండులో 1824లో పేటెంటు పొందిన పోర్ట్‌లాండ్ సిమెంటు బలమైనది, తొందరగా గట్టిపడేది. ఒదిగిపోయే గుణం మాత్రం దానికి తక్కువ. సున్నానికి తిరిగి వెళ్దామని నేననడం లేదు. గోడ చేసే పని తగ్గిన మేరకు మనిషి చూపు పెరగాలి, అంతే.

మరమ్మతు అయ్యాక మెరుగు. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. నాచు కనబడగానే నీళ్లన్నీ తోడేసి, రాళ్లూ ఫిల్టర్ స్పాంజీ కుళాయి కింద తోమి, మళ్లీ నింపుతారు. వారంలో నీరు మునుపటికన్నా పచ్చగా మారుతుంది, చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చేపల మలం నుంచి, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే అమ్మోనియా చేపలకు విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత చాలావరకు హాని లేని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఆ రాళ్ల జిగటలోనే, ఆ స్పాంజీలోనే కాపురముంటాయి. కొత్త కొలనులో అవి కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. క్లోరిన్ కలిపిన నీటితో తోమితే ఒక్క పూటలో పోతాయి. స్పాంజీని కొలను నీటిలోనే పిండి పెట్టాలి. నీటి మీద సగానికి పైగా కలువాకులు కమ్మితే ఎండ అందక నాచు దానంతటదే వెనక్కి తగ్గుతుంది. నేను చూసినంతలో కొలను విషయంలో మెరుగంటే చాలాసార్లు చేతిని ఆపుకోవడమే. పంపు సంగతీ ఇలాంటిదే. డబ్బా మీద రాసిన గరిష్ఠ ఎత్తు దగ్గర పంపు ఒక్క చుక్కా పోయదు, అది నీరు ఆగిపోయే ఎత్తు. ఆ అంకె చూసి కొంటే జల్లు రాదు. కావలసిన ఎత్తుకు రెట్టింపు రాసి ఉన్నది తీసుకోవాలి. కూలర్‌లో వాడే 18 వాట్ల పంపు రోజంతా తిరిగినా నెలకు 13 యూనిట్లు మాత్రమే.

అసలు ఇంట్లో నీటి తొట్టి అంటేనే దోమ కదా, పూడ్చేస్తే పోదా అని అడిగేవాళ్ల మాటను నేను తేలిగ్గా తీసుకోను. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుక్కున్నది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. డెంగీ దోమకైతే శుభ్రమైన నిలవ నీరే ఇష్టం. గుడ్డు రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. ఇంకా భయపెట్టేదేమిటంటే, అది నీటి అంచుకు కాస్త పైన గోడకు గుడ్లు అంటిస్తుంది. నీరు తీసేసినా అవి నెలల తరబడి ఎండిపోయి బతికే ఉంటాయి. నీరు ఒలకబోస్తే చాలదు, ఆ అంచును బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. రాళ్ల జిగటను వదిలేసి అంచును మాత్రమే రుద్దాలని తెలిసినవాళ్లు కొలను పక్కన ఉండాలంటున్నాను. కదిలే నీటిపై లార్వా ఊపిరి తీసుకోలేదు, చేపలున్నచోట మిగలదు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన గంబూసియా చేపను తొట్టిలో వేసుకోవచ్చు గానీ చెరువులో వదలకూడదు, అక్కడి చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ప్రమాదమంతా మరమ్మతు లేని ఫౌంటెన్‌లో ఉంది: పంపు చెడి, జల్లు ఆగి, ఎవరో వస్తారని మూడు వారాలు ఎదురుచూసే నీటిలో.

అందరూ సొంతంగా చేసుకుంటే తాపీ పనివాళ్ల బతుకేమిటన్నది ఇంకో ప్రశ్న, న్యాయమైనదే. తొట్టి కట్టడం వాళ్ల పని, దాన్ని నేను లాక్కోమనడం లేదు. పగులు ఎక్కడుందో, ఎలా కదులుతోందో చెప్పగలిగిన ఇంట్లో మేస్త్రీ పని సూటిగా సాగుతుంది, చేసిన పనికి విలువా దక్కుతుంది. కరెంటు విషయంలో మాత్రం నా వాదన ఆగిపోతుంది. నీటి పక్కన 230 వోల్టులు నేర్చుకుంటూ చేసే పని కాదు. ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకర్, ఈ రెండూ తెలిసిన ఎలక్ట్రీషియన్ పెట్టాల్సిందే. మన చేయి ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ పనిలో భాగమే.

బోర్లు ఎండుతున్న ఊళ్లో ఈ ముచ్చట తగునా అన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మన చెరువులకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోందో ఆయనకు తెలుసు. ఆ చూపు పోయినచోట చెరువులు పూడిపోయాయి. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ తలపెట్టినప్పుడు, తీసిన పూడికమట్టిని రైతులే తమ పొలాలకు తోలుకున్నారు. బాగుచేసే పనిలో చేయి కలిసినవాడికి ఆ నీటి విలువ ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. పెరటి కొలను ఆ చెరువుకు సాటిరాదు. అయినా అడుగున చేరిన మడ్డి మొక్కలకు పోసుకుంటూ, వాన నీరు పట్టుకుంటూ, రోజుకు ఎంత ఆవిరైందో గీత చూసి చెప్పగల ఇల్లు, కుళాయి తిప్పి మరిచిపోయే ఇంటికన్నా తక్కువ నీటితో బతుకుతుందని నా నమ్మకం. అందుకే కొలను చిన్నదై ఉండాలి. ఒక గట్టున కూర్చుని చేయి చాపితే నడిమి దాకా అందాలి, ఎదుటి గట్టున కూర్చుంటే మిగతా సగం. లోతు మోకాలు దాటనక్కర్లేదు. కలువకు అంతకు మించి నీరు అవసరం లేదు.